మొదటి బొక్కెన నీళ్లు

రాతిపల్లిలో మోట బొక్కెన కుట్టడం తెలిసిన మనిషి ఒక్కడే మిగిలాడని పాతబావి మిత్రమండలి కనిపెట్టేనాటికి ఆ మనిషికి డెబ్బై మూడేళ్లు. పేరు బక్కయ్య. కట్టంగూర్ దగ్గర హైవే దిగి ఏడు కిలోమీటర్లు లోపలికి పోతే ఊరు. ఊరికి తూర్పున మాదిగవాడ. వాడలో చివరి నుంచి రెండో ఇల్లు ఆయనది. రెండు మోకాళ్లూ బయటికి వంగి ఉంటాయి. నల్లగొండ జిల్లాలో మోకాళ్లు ఎందుకు వంగుతాయో ఎవరికీ చెప్పనక్కర్లేదు గానీ ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఫ్లోరైడ్ లేని తియ్యటి నీళ్లు ఆ ఊళ్లో ఒక్క పటేల్ మెట్లబావిలోనే ఉండేవి. బక్కయ్య తాగి పెరిగినవి వాడ చేదబావి నీళ్లు.

మిత్రమండలి అంటే నల్లగొండలో చరిత్ర పాఠాలు చెప్పే లెక్చరర్ వెంకటేష్, ఆయన విద్యార్థులు ఒక నలభై మంది, వాళ్లందరికీ ఒకే రంగు బనియన్లు. ఆ మెట్లబావి మీద వాళ్ల కన్ను పడింది. నిజం చెప్పాలంటే చూడదగ్గ బావే. నాలుగు వైపులా చెక్కిన రాయి, అరవై రెండు మెట్లు, ఒక పక్కన ఎడ్లు దిగే వాలు దారి. బోర్లు వచ్చాక దాన్ని ఊరంతా చెత్తకుండీ చేసుకుంది. మిత్రమండలి ఆరు ఆదివారాలు శ్రమదానం పెట్టి పూడిక తీసింది. అందులోంచి బీరు సీసాలు, వినాయకుళ్ల ఇనుప చట్రాలు, ఒక కాలిపోయిన మోటారు, ఎవరిదో పెళ్లి ఆల్బం వచ్చాయి. ప్రతి ఆదివారం ఒక కార్యక్రమం. ఒకవారం ముగ్గుల పోటీ, ఒకవారం బావి చుట్టూ నడక, ఒకవారం పాటలు. పని కన్నా ఫొటోలు ఎక్కువైన మాట వాస్తవమే గానీ పని జరగలేదనడం అబద్ధం. ఆరో వారానికి అడుగున ఊట కనబడింది, నీళ్లు నిలిచాయి.

బక్కయ్య ఆ ఆరు ఆదివారాలూ వాడ మూల మీద కూర్చుని చూశాడు. ఒక్క తట్ట మట్టి ఎత్తలేదు.

వారసత్వం అనే మాటకు మన దగ్గర ఒక సౌకర్యం ఉంది. ఎవరి వారసత్వం అని అడిగేలోపే చప్పట్లు పడతాయి. బావి యజమాని అమరేందర్‌కు ఈ సంగతి బాగా తెలుసు. పటేల్ గారి ఒక్కగానొక్క కొడుకు, హైదరాబాద్‌లో ప్లాట్ల వ్యాపారం, వయసు నలభై ఏడు. సర్పంచ్ ఎన్నికలు వస్తాయని వినగానే ఆయనకు బావి మీద ప్రేమ పుట్టింది. ఏప్రిల్ పద్దెనిమిది ప్రపంచ వారసత్వ దినం కాబట్టి ఆ రోజు పెద్ద ఉత్సవం చేద్దామన్నాడు. షామియానా ఆయనదే, భోజనాలూ ఆయనవే. ఉత్సవంలో పాత పద్ధతిలో మోట కొట్టించాలన్నది వెంకటేష్ ఆలోచన. మోట అంటే చూడనివాళ్లకు: గిరక మీద పెద్ద మోకు, మోకు చివర తోలు బొక్కెన, బొక్కెన కింద ఏనుగు తొండంలాంటి తోలు గొట్టం. ఎడ్లు వాలు దారిలో కిందికి నడిస్తే బొక్కెన పైకొచ్చి తొండంలోంచి నీళ్లు రాతి తొట్టిలో పడతాయి. ఎడ్లు వెనక్కి నడిస్తే మళ్లీ బావిలోకి దిగుతుంది. గిరక చేయించవచ్చు, మోకు కొనవచ్చు. తోలు బొక్కెన ఎక్కడా దొరకదు.

అలా ఫిబ్రవరిలో ఒక పొద్దున ఇద్దరూ బక్కయ్య వాకిట్లోకి వచ్చారు.

“ఏం బక్కయ్యా...” అని మొదలుపెట్టిన అమరేందర్ వెంటనే ఓట్లు గుర్తొచ్చి సర్దుకున్నాడు. “పెద్దయ్యా, బాగున్నవా?”

“మోకాళ్లు దప్ప అన్ని బాగనే ఉన్నయి పటేలా. ఎండల నిలవడ్డరు, కూసోండ్రి.”

కోడలు గ్రేస్ రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేసింది. మంచినీళ్లు తేవాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, తెచ్చింది. అమరేందర్ తాను కారులో సీసా తెచ్చుకున్నానని చెప్పాడు. వెంకటేష్ తాగాడు.

“తాతా, మోట బొక్కెన కుట్టుడు నీకొక్కనికే వస్తదట గదా,” అన్నాడు వెంకటేష్.

“వచ్చేది. చేతులకు యాదికున్నదో లేదో చేతులనే అడగాలె.”

“ఎంత అంటే అంత ఇద్దాం,” అన్నాడు అమరేందర్.

“పైసలొద్దు పటేలా.”

పైసలు వద్దనే ముసలివాడిని చూస్తే వారసత్వ ప్రియుల కళ్లు చెమరుస్తాయి. వెంకటేష్‌వి చెమర్చాయి. పైసలు వద్దన్నవాడు ఇంకేదో అడగబోతున్నాడని అనుమానం రావాలంటే ఊళ్లో పెరిగి ఉండాలి. అమరేందర్ ఊళ్లో పుట్టాడంతే, పెరిగింది హాస్టళ్లలో.

వెంకటేష్ ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి ముందుకు వంగాడు. “తాతా, కొత్త మోట కడితే ఏమన్న ఆచారాలుండేవా? ఏదన్న చిన్నదైనా సరే.”

బక్కయ్య మోకాళ్లు ఒత్తుకుంటూ వాకిలి దాటి బావి వైపు చూశాడు. ముసలాయన జ్ఞాపకాలు తవ్వుకుంటున్నాడని వెంకటేష్ అనుకున్నాడు. తవ్వుకోవలసిన అవసరమేమీ లేదు. అది పైనే ఉంది.

పంతొమ్మిది వందల డెబ్బై రెండు, కరువు. ఊళ్లో అన్ని బావులూ ఎండినా పటేల్ బావి ఎండలేదు. బక్కయ్యకప్పుడు ఇరవై ఏళ్లు. తండ్రి పోయాక కుట్టుపని ఆయన చేతికొచ్చింది. ఆ ఎండాకాలం పటేల్ బావికి కొత్త బొక్కెన కుట్టాడు. దున్నపోతు తోలు సున్నంలో వేసి, తంగేడు చెక్కతో ఊనబెట్టి పదును చేసి, సన్నటి తోలు వారుతో కుట్టి, ఆముదం రాసి, ఆఖరున ఏడు రోజులు నీళ్లు మార్చి మార్చి నానబెట్టాడు. ఆ చివరి పనే అసలు పని. తంగేడు వగరంతా దిగిపోయి, పిండితే మంచినీళ్లే కారాలి. అప్పుడే బొక్కెన బావికి పోయేది.

ఆచారం నిజంగానే ఉండేది. కొత్త మోటలో మొదటి మూడు బొక్కెనల నీళ్లు పారబోసేవాళ్లు. మాదిగ చేయి పడ్డ మైల ఆ మూడింటితో పోతుందని లెక్క. నాలుగో బొక్కెన నుంచి అవే నీళ్లు, అదే తోలులోంచి వచ్చి, దేవుడి అభిషేకానికి కూడా పనికొచ్చేవి. మైలకు మూడు దాకా లెక్క వచ్చన్నమాట.

బక్కయ్య తల్లి ఈదమ్మ ఆ రోజు కుండ పట్టుకుని బావి దగ్గరికి వచ్చింది. మంచినీళ్లు అడగలేదు. ఎలాగూ పారబోసే నీళ్లే కదా అని, ఆ నీళ్లు పోయే మురుగు కాలువ మొదట్లో కుండ ఆనించింది. ఊటబావి నీళ్లు వాడలోకి రావడం అదే మొదటిసారి అవుతుందని కొడుకుతో పొద్దున నవ్వుతూ చెప్పి వచ్చింది. గట్టు మీద నిలబడి పూజ చూస్తున్న పటేల్ భార్య అండాళమ్మ కిందికి దిగి, చేతికందిన రాయి తీసుకుని, ఆ కుండను పగలగొట్టింది. కాలువకు కుండ తగిలితే తొట్టికి తగిలినట్టే, తొట్టికి తగిలితే బావికి తగిలినట్టే అంది. సగం నిండిన కుండ. ఈదమ్మ పెంకులు ఏరుకుని, రెండు కోసుల దూరంలో వాగుకు పోయి, ఇసుకలో చెలిమె తోడుకుని నీళ్లు తెచ్చుకుంది.

ఎవరూ చచ్చిపోలేదు. కథన్నాక చావు ఉండాలనుకునేవాళ్లకు నిరాశే. ఒక కుండ పగిలింది, అంతే. కానీ ఈదమ్మ తర్వాత ఇరవై ఆరేళ్లు బతికింది, ఆ ఇరవై ఆరేళ్లూ ఆ మాట తప్ప ఇంకో మాటకు ఏడవలేదు. “పారబోసే నీళ్లేనాయె బిడ్డా, పారబోసే నీళ్లేనాయె,” అనేది. బక్కయ్య కరెంటు మోటార్లొచ్చి మోటలు పోయాక చెప్పులు కుట్టాడు, క్వారీలో రాయి కొట్టాడు, హైదరాబాద్‌లో పదకొండేళ్లు ఇటుకలు మోశాడు, భార్యను పోగొట్టుకున్నాడు, కొడుకును పెంచాడు. ఇవన్నీ చేస్తూనే ఒక్క మనిషిని మర్చిపోలేదు.

“ఉండేది,” అన్నాడు చివరికి, ఫోన్ వైపు చూస్తూ. “మొదటి బొక్కెన నీళ్లు బాయి ఆసామి తాగాలె. కుట్టినోడు తొట్టి గట్టు మీద నిలవడి చెంబుతోని పోస్తడు. ఆసామి కింద నిలవడి, వంగి, దోసిలి పట్టి తాగాలె. గట్ల తాగినంకనే మోట మొదలువెడుతరు.”

వెంకటేష్ మొహం వెలిగిపోయింది. “అద్భుతం తాతా! ఇది ఏ పుస్తకంల లేదు.”

“పుస్తకంల ఎందుకుంటది బిడ్డా.”

“మేం చేద్దాం,” అన్నాడు అమరేందర్. కెమెరాల ముందు మాదిగ తాత పోసిన నీళ్లు తాగే పటేల్ కొడుకు ఎలా కనబడతాడో అప్పుడే లెక్క వేసుకున్నాడు.

“ఇంకోటి పటేలా. దొర్సాని రావాలె. ఇంటి పెద్ద ఎదురుంగ లేకుంట మోట కట్టొద్దంటరు.” ఇదీ అబద్ధమే.

“అమ్మనా? తీస్కొస్త. ముందు కుర్చీలనే కూసోవెడత.”

వాళ్లు వెళ్లాక గ్రేస్ కుర్చీలు తీస్తూ అడిగింది. “మామా, ఏప్రిల్ పద్దెనిమిది అన్నరు. గది గుడ్ ఫ్రైడే గద?”

“అయితె ఏమాయె?”

“పన్నెండింటికి ఏడు మాటల ఆరాధన ఉంటది. నువ్వు రాకుంటె పాస్టరయ్య అడుగుతడు.”

బక్కయ్య కొడుకు పెళ్లితో పాటు చర్చికి వెళ్లడం మొదలుపెట్టాడు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలూ ఆయనకు వరసగా వచ్చు. మొదటిది, తండ్రీ వీరిని క్షమించు.

“వస్త బిడ్డా,” అన్నాడు. “మొదటి మాట అయిపోయినంక వస్త.”

గ్రేస్ నవ్వాలో కోప్పడాలో తెలియక మామ మొహంలోకి చూసింది. ఆ మొహంలో నవ్వు లేదు.

కేతేపల్లిలో ఒక దున్నపోతు చచ్చిందని తెలిసి బక్కయ్య ఆటోలో పోయి తోలు తెచ్చుకున్నాడు. చేతులకు అన్నీ యాదికున్నాయి. సున్నం, తంగేడు చెక్క, తోలుకు బెజ్జం పొడిచే ఆరె, తోలు వారు. రోజుకు నాలుగు గంటలు కూర్చోగలిగేవాడు, తర్వాత మోకాళ్లు ఒప్పుకునేవి కావు. విద్యార్థులు వంతులేసుకుని వచ్చి వీడియోలు తీశారు. ఈ చేతులు చరిత్ర అని ఒకమ్మాయి అంది. “నా చేతులు వీడియో తియ్యి, చెక్కను తియ్యకు, వాసనొస్తది,” అన్నాడు బక్కయ్య.

ఏప్రిల్ మొదటివారంలో బాలయ్య చూడటానికి వచ్చాడు. బాలయ్య పాతరోజుల్లో పటేల్ దగ్గర జీతగాడు, ఆ బావి మీద పదిహేనేళ్లు మోట కొట్టినవాడు. ఉత్సవం రోజు ఎడ్లను తోలవలసింది కూడా ఆయనే. బొక్కెనను ఒక చుట్టు తిరిగి చూసి, వంగి ముక్కు పెట్టి, వెనక్కి తగ్గాడు.

“ఓరి బక్కిగా, గిదేం కంపురా! నానవెట్టలేదా?”

“నానవెట్టలే.”

“తంగేడు చెక్కంత అట్లనే ఉన్నది. ఆముదం గూడ గట్లనే కారుతున్నది. గీ నీళ్లు తాగినోనికి బంగారం అసొంటి రెండు రోజులు చెంబు చేతుల్నే ఉంటది.”

“అందుకే నానవెట్టలే.”

బాలయ్యకు కాసేపు పట్టింది. అమరేందర్ తాగబోయే నీళ్ల సంగతి ఊరందరికీ తెలుసు, కరపత్రంలో కూడా వేశారు. “శ్రమజీవి చేతి నీటిని ఆసామి శిరసు వంచి స్వీకరించే సమతా సంప్రదాయం” అని. చదివి వినిపించినప్పుడు బాలయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. ఇప్పుడు నవ్వలేదు.

“దొర్సానికి అసలు సంగతి తెలుసు గదరా. మూడు బొక్కెనలు పారబోసేది ఎందుకో ఆమె కంటె ఎవ్వలికి తెలుసు? ఊకుంటదా?”

“ఊకుంటె కొడుకు తాగుతడు. ఊకోకుంటె మైకు వట్టుకొని ఎందుకు పారబోసెటోళ్లో చెప్పాలె, మా అమ్మ కుండ ఎందుకు పలగ్గొట్టిందో చెప్పాలె. ఊరందరి ముంగట, కెమెరాల ముంగట. ఏది జేసినా నాకు మంచిదే.”

“యాభై ఏండ్లాయెరా. ఇంక ఇడిచిపెట్టరాదు.”

“ఆ ముచ్చట మా అమ్మతోని చెప్పు పొయ్యి.”

బాలయ్య తువ్వాల దులుపుకుని లేచాడు. “సరే, నేనైతె ఎడ్లను తోల్త,” అన్నాడు.

పద్దెనిమిదో తేదీ పొద్దున పదింటికే ఎండ మాడుస్తోంది. బావి చుట్టూ ఫ్లెక్సీలు, పైన గుయ్యిమంటూ డ్రోను. జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు, ఆయన పదకొండింటికి ఇంకో చోట ఉండాలి కాబట్టి రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. షామియానా కింద ఎడమవైపు ఊరు, కుడివైపు వాడ. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ముందు వరసలో మధ్య కుర్చీలో అండాళమ్మ. ఎనభై రెండేళ్లు, తెల్లటి జుట్టు, చేతిలో వెండిపొన్ను కర్ర, నిటారు వెన్ను. మోకాళ్లు తిన్నగా ఉన్నాయి.

ఎడ్లు తిరుమలగిరి అంగడి నుంచి కిరాయికి వచ్చినవి. వాటికి మోట తెలియదు. కిందికి నడవడం బాగానే నడిచాయి గానీ వెనక్కి నడవమంటే ఒకటి అడ్డం తిరిగి షామియానా తాడు తెంపింది. జనం గొల్లుమన్నారు. “అరే, ఇవి గూడ మన ఎమ్మెల్యేల లెక్కనే, ఎనకకు తిరిగి సూడయి!” అని బాలయ్య అరిస్తే వాడవైపు ఈలలు పడ్డాయి. మూడో ప్రయత్నానికి బొక్కెన దిగింది. గిరక కిర్రుమంది. ఎడ్లు కిందికి నడవగానే బొక్కెన బరువుగా, నల్లగా మెరుస్తూ పైకొచ్చింది, తొండంలోంచి తొట్టిలోకి నీళ్లు దూకాయి. నీళ్లు కొంచెం ఎర్రగా ఉన్నాయి. దగ్గరున్నవాళ్లకు తప్ప తెలియదు.

వెంకటేష్ మైకు అందుకున్నాడు. “ఇప్పుడు ఒక అపురూప సంప్రదాయం! మొదటి బొక్కెన నీటిని ఆసామి అమరేందర్ గారు, బొక్కెన కుట్టిన బక్కయ్య తాత చేతుల మీదుగా స్వీకరిస్తారు.”

బక్కయ్య చెంబు ముంచి తొట్టి గట్టెక్కాడు. వంగిన కాళ్లతో ఎక్కడానికి ఎవరి చేయీ పట్టుకోలేదు. అమరేందర్ తెల్ల చొక్కా చేతులు మడిచి ముందుకొచ్చాడు.

“ఆగుండ్రి.”

అండాళమ్మ లేచి నిలబడింది. గొంతు పెద్దది కాదు గానీ ఆ గొంతుకు ఆగడం ఆ ఊరికి ఇంకా అలవాటే. అందరూ ఆగారు.

“మొదటి బొక్కెన తాగరు,” అంది. “మూడు బొక్కెనలు పారబోస్తరు.”

వెంకటేష్ పరుగున వచ్చి మైకు ఆమె చేతికిచ్చాడు. ఇంకో ఆచారం దొరికిందన్న ఆత్రం. “అమ్మా, ఎందుకు పారబోస్తారమ్మా? కొంచెం వివరంగా చెప్పండి.”

బక్కయ్య గట్టు మీద నుంచి చూస్తున్నాడు. ఈ ఒక్క ప్రశ్న కోసమే ఇంత కథ నడిపాడు, అడగవలసింది తానే అనుకున్నాడు. లెక్చరర్ అడిగాడు. ఇంకా నయం.

“చెప్పు దొర్సాని,” అన్నాడు పైనుంచి. “నేను మర్చిపోయిన్నేమో. ఎందుకు పారబోసెటోళ్లు?”

అండాళమ్మ ఆయన మొహంలోకి చూసింది. గుర్తుపట్టింది. ఆ తర్వాత గాలిలో ఏదో పసిగట్టినట్టు తల తిప్పి తొట్టి వైపు చూసింది.

“కొత్త తోలు గద. కంపు కొడుతది, వగరుంటది. నోట్లె వెట్టరాదు. అందుకే మూడుసార్లు పారబోస్తరు. కావాలంటె వాసన సూడుండ్రి.”

ముందు వరసలోని అధికారి లేచి, తొట్టి మీదికి వంగి, ముక్కు మూసుకుని తల ఊపాడు. వెంకటేష్ ఇంకో మైకు లాక్కున్నాడు. “చూశారా! తోలులోని వగరు దిగిపోవడానికి మూడుసార్లు కడిగేవాళ్లన్నమాట! పరిశుభ్రత విషయంలో మన పూర్వీకులది ఎంత శాస్త్రీయ దృక్పథమో గమనించండి!”

చప్పట్లు మోగాయి. ఒక్క నిమిషంలో అంటరానితనం ఆరోగ్యశాస్త్రమైపోయింది. మనవాళ్లకు ఈ విద్యలో పెద్ద సాధన అక్కర్లేదు. పూర్వీకులను వెనకేసుకురావడానికి ఒక లెక్చరరూ ఒక మైకూ ఉంటే చాలు.

చెంబు పట్టుకుని గట్టు మీద నిలబడ్డ బక్కయ్యకు తాను చేసిన తప్పు అప్పుడు తెలిసింది. పద్ధతి ప్రకారం ఏడు రోజులు నానబెట్టి ఉంటే ఈ నీళ్లు కొబ్బరినీళ్లలా ఉండేవి. అప్పుడు పారబోయడానికి ఒకే ఒక్క కారణం మిగిలేది, ఆ కారణం ఆమె నోటితో చెప్పవలసి వచ్చేది. కొడుకు కడుపు చెడాలన్న ఆశతో తల్లికి తప్పించుకునే దారి తన చేతులతోనే కుట్టిపెట్టాడు. జీవితంలో నానబెట్టకుండా బావికి పంపిన బొక్కెన అదొక్కటే.

అండాళమ్మ కూర్చోబోతోంది.

బక్కయ్య చెంబెత్తి తాగాడు. ఎత్తిపట్టి, గటగటా, సగం చెంబు. తంగేడు వగరు నాలుకను పిండేసి ఉంటుంది, ఆముదం గొంతుకు జారి ఉంటుంది. మొహంలో ఒక్క నరం కదలలేదు. చూస్తున్న బాలయ్యే మొహం చిట్లించాడు.

“నేను కుట్టిన, నేను తాగిన,” అన్నాడు బక్కయ్య మూతి తుడుచుకుని. ఆయనకు మైకు లేదు, అక్కర్లేకపోయింది. “కంపు లేదు, వగరు లేదు. తియ్యగున్నయి. ఇప్పుడు చెప్పు దొర్సాని, తియ్యటి నీళ్లు ఎందుకు పారబొయ్యాలె?”

అండాళమ్మ ఒళ్లో మైకు ఉంది. ఆమె దాన్ని ఎత్తలేదు.

వాడవైపు గొణుగుడు మొదలైంది. అందరికంటే ముందు లేచింది బిక్షమ్మ, ఉపాధి పనిలో మేస్త్రీ, నోటికి పేరున్న మనిషి. “ఏంది పటేలా, అనుమానమా? బక్కయ్య తాగితె పానం పోలే గద! మా ఓట్లయితె తియ్యగుంటయి, మా నీళ్లే చేదాయెనా?”

నవ్వు. ఆ నవ్వులో అమరేందర్ వాడవైపు తలలు లెక్కపెట్టుకున్నాడు. మూడు వందల పన్నెండు ఓట్లు ఆ పక్కనే కూర్చున్నాయి. తల్లి వైపు చూడకుండా తొట్టి దగ్గరికి నడిచాడు.

“పొయ్యి పెద్దయ్యా.”

“దోసిలి వట్టు. వంగు పటేలా. ఇంక జర. మా అయ్య మీ వాకిట్ల వంగినట్టు వంగాలె, లేకుంటె చొక్క తడుస్తది.”

ఆఖరి మాటతో జనం అదంతా వేళాకోళం అనుకున్నారు. అమరేందర్ వంగాడు. రెండు చేతులూ కలిపి నోటికి ఆనించాడు. బక్కయ్య పైనుంచి సన్నటి ధార వదిలాడు, తొందర లేకుండా. మొదటి గుక్కకే అమరేందర్ భుజాలు బిగుసుకున్నాయి. తల ఎత్తబోతే కెమెరా కనబడింది. మింగాడు. రెండోది మింగాడు. మూడోదానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి, మూతి తుడుచుకుని, మైకులో, “తియ్యగున్నయి” అన్నాడు. అంతకంటే ఏం అనగలడు.

షామియానా మార్మోగింది. వెంకటేష్ సమయం తెలిసినవాడు, వెంటనే విద్యార్థుల కోలాటం మొదలుపెట్టించాడు. స్పీకర్లలో పాట అందుకుంది, జనం అటు తిరిగారు, అధికారి కారు వైపు వెళ్లాడు. అమరేందర్ షామియానా వెనక్కి చకచకా నడిచి కనబడకుండా పోయాడు.

బక్కయ్య చెంబు మళ్లీ నింపుకుని గట్టు దిగాడు. వంగిన కాళ్లతో, ఎవరూ గమనించకుండా, కోలాటం పక్క నుంచి నడిచి ముందు వరస మధ్య కుర్చీ ముందు నిలబడ్డాడు.

అండాళమ్మ చుట్టూ కుర్చీలు ఖాళీ అయ్యాయి. “కుండ నేనే పలగ్గొట్టిన,” అంది ఆమె, ఆయన అడగకముందే. “నాకు యాదికున్నది. యాదిమర్చిన అనుకున్నవా?”

“అనుకోలె.”

“ఈదమ్మ కొడుకువు గద.”

“మైకుల చెప్పు.”

మైకు ఇంకా ఆమె ఒళ్లోనే ఉంది. ఆమె దాన్ని తీసి పక్క కుర్చీలో పెట్టింది. “చెప్ప.”

“ఎందుకు?”

“నా కొడుకు ఊళ్లె నిలవడాలె. ఆ మాట నా నోట్లెకెల్లి వస్తె వాడు నిలవడడు. నువ్వు అనుకున్నదే గది. నా పానం పోయినా చెప్ప.”

“అయితె తాగు.”

ఆమె చెంబు వైపు చూసింది. కొడుకు భుజాలు బిగుసుకోవడం ఆమె చూసింది, ఆ నీళ్లలో ఏముందో ఊహించింది. బక్కయ్య కూడా దాచలేదు.

“నానవెట్టలే,” అన్నాడు. “తెలిసే నానవెట్టలే.”

అండాళమ్మ కర్రను కుర్చీకి ఆనించింది. చెంబు కోసం చేయి చాచింది. బక్కయ్య ఇవ్వలేదు.

“చెంబు గాదు. దోసిలి.”

కోలాటం కర్రల చప్పుడులో ఆ మాట ఇంకెవరికీ వినబడలేదు. కుర్చీలో కూర్చున్న మనిషి ఎంత వంగగలదో అంత వంగింది. తెల్లటి తల ఆయన వంగిన మోకాళ్ల ఎత్తుకు వచ్చింది. రెండు అరచేతులూ కలిపింది. ఆ చేతుల మీద జాలిపడాలా అని ఆలోచించే బాధ్యత బక్కయ్య తీసుకోలేదు. ధార వదిలాడు. ఆమె తాగింది. ఒక గుక్కకు ఆగి, దగ్గి, మళ్లీ చేతులు చాచింది. నీళ్లు మోచేతుల మీదుగా కారి పట్టుచీర తడిసింది. మూడు గుక్కలు, నాలుగు, అయిదు. తర్వాత ఆమెకు ఊపిరి అందలేదు.

తల ఎత్తింది. మూతి చుట్టూ ఎర్రటి చార. పళ్లు బిగించి అడిగింది.

“ఇగ సాలునా?”

బక్కయ్య చెంబులోకి తొంగి చూశాడు.

“ఇంక ఉన్నయి,” అన్నాడు. “దోసిలి వట్టు.”